కొండెక్కే పిల్లలకు శాలువా ఎందుకు?

సంక్రాంతి సభకు ఇంకా కొన్ని వారాలే ఉన్నాయి. కానుకల సంగతి కమిటీలో తేలిపోకముందే నా మాట రాసి పెట్టాలనుకున్నాను. ఎప్పటిలాగే కొంచెం పొడుగు. కాఫీ పెట్టుకొని చదవండి. కోపం వస్తే కింద రాయండి, జవాబు చెబుతాను.

మన సంఘం కుటుంబాల్లో కొండలు నడిచే పిల్లలు ఇప్పుడు నలభైమంది దాకా ఉన్నారు. కొందరు ఏటా అలిపిరి నుంచి తిరుమలకు నడుస్తారు. కొందరు కోయంబత్తూరు పక్కన ఉండే వెళ్ళియంగిరి ఏడు కొండలు ఎక్కుతారు. హోసూరులో, బెంగళూరులో ఉద్యోగాలు చేసే కుర్రవాళ్ళు, ఆడపిల్లలు శనివారం రాత్రి బ్యాగు తగిలించుకొని స్కందగిరి అని, సావనదుర్గ అని, కుమార పర్వతం అని పోతారు. ఊర్లో ఉండేవాళ్ళకు మన వత్తల్‌మలై, అరూరు దగ్గర తీర్థమలై ఉండనే ఉన్నాయి.

పోయిన సంక్రాంతికి వీళ్ళను వేదిక మీదికి పిలిచి ఒక్కొక్కరికి శాలువా కప్పాం. సంఘం పేరు చెక్కిన జ్ఞాపిక ఒకటి చేతిలో పెట్టాం. స్వీటు డబ్బా ఇచ్చాం. తలకు సుమారు వెయ్యి రూపాయలు అయింది. ఈ తూరి మార్చుదామని మన వాట్సాప్‌లో రెండు సలహాలు వచ్చాయి. ఒకటి, సంఘం పేరు వేసిన పెద్ద స్టీలు ఫ్లాస్కు. రెండోది, వీపు మీద సంఘం బొమ్మ ముద్రించిన జాకెట్టు. సలహా ఇచ్చిన ఇద్దరూ నాకు కావలసినవాళ్ళే. వాళ్ళ మనసు మంచిదే. అయినా ఆ రెండూ వద్దంటాను. శాలువా అసలే వద్దంటాను.

నా లెక్క చాలా చిన్నది. కొండ నడిచేవాడికి మనం ఇచ్చే వస్తువు కొండ మీద వాడి ఒంటి మీదనో సంచిలోనో ఉండాలి. చీకటి పడినా, వాన వచ్చినా, కాలు బెణికినా వాణ్ణి ఇంటికి చేర్చడానికి పనికి రావాలి. షోకేసులో కూర్చునే వస్తువు మన ఫోటో కోసం ఇచ్చింది, వాడి కోసం కాదు.

నేను రైల్వేలో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. గార్డు అనే మనిషిని, 2022 నుంచి ట్రైన్ మేనేజరు అంటున్నారు, రోజూ చూసినవాణ్ణి. ఆయన బండెక్కే ముందు విజిల్ ఉందా, ఎర్ర జెండా పచ్చ జెండా ఉన్నాయా, చేతి దీపం వెలుగుతుందా అని చూసుకుంటాడు. పట్టాల మీద పేల్చి వెనక వచ్చే బండిని ఆపే డిటోనేటర్లు పెట్టెలో ఉన్నాయా అని లెక్క పెట్టుకుంటాడు. నూటికి తొంభైతొమ్మిది ప్రయాణాల్లో ఆ డిటోనేటర్లు బయటికి తీసే పని ఉండదు. అయినా అవి లేకుండా బండి కదలదు. కొండకు పోయే పిల్లకైనా, పిల్లవాడికైనా లెక్క అదే. రిటైర్ అయ్యేటప్పుడు స్నేహితులు నాకు గోడ గడియారాలు ఇచ్చారు, బండి వేళ చూసుకునే పని తీరిపోయినవాడికి! ప్రేమతో ఇచ్చారు, కాదనను. కానీ కానుక ఇచ్చేవాళ్ళు తీసుకునేవాళ్ళ పని గురించి ఒక్క నిమిషం ఆలోచిస్తే ఎంత తేడా వస్తుందో మీకే తెలుస్తుంది.

"కొండ నడవడం అంటే ఏముంది, సరదాకే కదా" అనేవాళ్ళకు రెండు మూడు సంగతులు గుర్తు చేస్తాను. 2018 మార్చి 11న తేని జిల్లా కురంగణి కొండల్లో కార్చిచ్చు వచ్చింది. ట్రెక్కింగ్‌కు పోయినవాళ్ళలో ఇరవైమందికి పైగా చనిపోయారు. చదువుకున్న, ఉద్యోగాలు చేసే చిన్న వయసు వాళ్ళు. ఆ తర్వాతే మన రాష్ట్రంలో అడవి ట్రెక్కింగ్‌కు గట్టి నియమాలు వచ్చాయి. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ళ పాపను చిరుత చంపింది. 2024లో వెళ్ళియంగిరి ఎక్కుతూ పలువురు భక్తులు ప్రాణాలు విడిచిన వార్తలు మనం పేపర్లో చదివాం. ఇవన్నీ మన పిల్లలు నడిచే దారులు, నడిచే రాష్ట్రాలు. మన పెన్నాగరం, హొగేనకల్ అడవుల్లో ఏనుగులు తిరుగుతాయని మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఆ ఫ్లాస్కు సంగతి చూద్దాం. రెండు పొరల స్టీలు ఫ్లాస్కు ఖాళీగా ఉన్నప్పుడే బరువు. నీళ్ళు లీటరుకు కిలో. అలిపిరి దారిలో మెట్లు 3,550. దూరం సుమారు తొమ్మిది కిలోమీటర్లు. శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు, దూరం రెండు కిలోమీటర్ల పైచిలుకే, అంటే నిట్టనిలువు. అంత దూరం ఆ ఫ్లాస్కు ఎవరు మోస్తారు? మొదటి వారం మోస్తారు, రెండో వారం ఇంట్లో పెడతారు, మూడో వారం అమ్మ దాంట్లో మజ్జిగ పోసి నాన్నకు ఇస్తుంది. సీసా ఇవ్వాలనే ఉంటే ఒకే పొర ఉండే లీటరు స్టీలు సీసా ఇవ్వండి. తేలిక. తిరుమలలో ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు ఒప్పుకోరు. వెళ్ళియంగిరి అడివారంలో అటవీ శాఖ వాళ్ళు సంచి తనిఖీ చేస్తారు. కాబట్టి స్టీలు సీసా పనికొస్తుంది. కానీ నలభైమందిలో చాలామంది దగ్గర సీసా ఇప్పటికే ఉంది. అడగకుండా కొనవద్దు.

జాకెట్టు. వీపంతా రబ్బరు ముద్ర వేస్తే గాలి ఆడదు, చెమట లోపలే ఉంటుంది. సైజు ఒకరికి సరిపోతే ముగ్గురికి సరిపోదు. అసలు సంగతి, జాకెట్టు మీద పేరు మనది, వీపు వాళ్ళది. పైసా ఖర్చు లేకుండా ప్రచారానికి పిల్లల వీపులు వాడుకోవడం నాకు నచ్చదు.

బూట్లు కొందామనేవాళ్ళూ ఒకరిద్దరు ఉన్నారు. మంచి ఆలోచనలా కనిపిస్తుంది, వద్దు. కొండ దిగేటప్పుడు పాదం ముందుకు జారుతుంది. వేళ్ళ ముందు కొంచెం చోటు లేకపోతే గోళ్ళు నల్లబడతాయి. ఎవరి పాదం వాళ్ళే పెట్టి చూసుకోవాలి, కొన్నాళ్ళు ఊర్లో తొడిగి అలవాటు చేసుకోవాలి. పైగా వెయ్యి రూపాయలకు వచ్చే బూటు గురించి నేను చెప్పేది ఏమీ లేదు.

మరి ఏమివ్వాలి? తలకు అదే వెయ్యి పెట్టుకుందాం. పోయిన ఏడాదికన్నా ఒక్క రూపాయి జాస్తి అడగను. వస్తువు ఒక్కొక్కదానికి ఇంతకు మించి పెట్టకూడదని నేను వేసుకున్న లెక్క రాస్తున్నాను.

తలకు కట్టుకునే టార్చి, 400. ఇది అన్నిటికన్నా ముఖ్యం. ఎండ తప్పించుకోవాలని వెళ్ళియంగిరి రాత్రిళ్ళే ఎక్కుతారు. సూర్యోదయం చూడాలని స్కందగిరి తెల్లవారకముందే మొదలుపెడతారు. మన పిల్లలు ఏం చేస్తున్నారు? ఒక చేతిలో ఫోను లైటు, ఇంకో చేతిలో నీళ్ళ సీసా. జారితే పట్టుకోవడానికి చెయ్యి లేదు. దిగేసరికి ఫోనులో చార్జి లేదు, ఇంటికి మాట చెప్పడానికి లేదు. తలకు టార్చి ఉంటే రెండు చేతులూ ఖాళీ, ఫోను ఫోనుగానే ఉంటుంది. వాన తుంపర తట్టుకునేది చూసి తీసుకోండి. బ్యాటరీలు ఏ పెట్టె అంగడిలోనైనా దొరికే రకం అయితే ఇంకా మేలు.

విజిల్, 50. నవ్వుకండి. లోయలో పడినవాడు అరిస్తే పది నిమిషాల్లో గొంతు పోతుంది. విజిల్ ఊదడానికి ఊపిరి ఉంటే చాలు. కొండల్లో సాయం అడిగే పద్ధతి ఒకటి ఉంది. నిమిషంలో ఆరు తూర్లు ఊదాలి, ఒక నిమిషం ఆగాలి, మళ్ళీ ఆరు తూర్లు. విన్నవాడు మూడు తూర్లు ఊది జవాబు ఇస్తాడు. యూరోపు కొండల్లో పుట్టిన పద్ధతి ఇది. అమెరికాలో మూడు తూర్లు ఊదితేనే ఆపద అని అర్థం. మన గుంపు మాత్రం ఒకే పద్ధతి నేర్చుకుంటే చాలు. లోపల గింజ లేని ప్లాస్టిక్ విజిల్ తీసుకోండి, తడిసినా మోగుతుంది. ఒక్క హెచ్చరిక: ఏనుగులు తిరిగే అడవిలో సరదాకు ఊదకూడదు. ఆపదకే.

మేజోళ్ళు ఒక జత, 200. మన ఇళ్ళలో నూలు అంటే మంచిది అని నమ్మకం. చొక్కాకు సరే. నడకలో నూలు మేజోడు చెమట తాగి తడిగానే ఉంటుంది. తడి చర్మం రాసుకొని బొబ్బలు లేస్తాయి. ఆరు కిలోమీటర్లలో లేచిన బొబ్బ పన్నెండు కిలోమీటర్ల నడకను నరకం చేస్తుంది. త్వరగా ఆరే సింథటిక్ రకమో, ఉన్ని కలిసినదో తీసుకోవాలి. బూటులాగా సైజు చిక్కు లేదు. ఒక సైజు మేజోడు రెండు మూడు పాదాల సైజులకు సరిపోతుంది. బెంగళూరులోనో కోయంబత్తూరులోనో డెకత్లాన్ లాంటి పెద్ద అంగడికి పోయే పిల్లలతో చెబితే తెచ్చిస్తారు. తిరుమలకు చెప్పుల్లేకుండా నడిచేవాళ్ళకు మేజోళ్ళు ఎందుకు అంటారు, న్యాయమైన ప్రశ్న. వాళ్ళకు దానికి బదులు మోచెయ్యంత ఉండే పలచని తుండు, కాలికి రాసుకునే ఆయింట్‌మెంటు, కట్టు గుడ్డ పెట్టండి. అందరికీ ఒకే సంచి అనే పట్టుదల వద్దు.

ఓఆర్‌ఎస్ పొట్లాలు ఐదు, 100. దీని గురించి కొంచెం ఎక్కువ రాయాలి. ఎందుకంటే మన ఇళ్ళలో "ఓఆర్‌ఎస్" అని పేరున్న తియ్యని డబ్బా పానీయం తాగించి మందు తాగించామని అనుకునేవాళ్ళు చాలామంది. అసలు ఓఆర్‌ఎస్ వేరు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా వచ్చినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, చక్కెర లెక్కగా కలిపిన నీళ్ళతో ఎందరినో బతికించాడు. లెక్క తప్పితే ఉపయోగం తగ్గుతుంది. చక్కెర జాస్తి అయితే విరేచనాలు ఇంకా పెరుగుతాయి. లెక్కలేని పానీయాల మీద ఓఆర్‌ఎస్ పేరు ఉండకూడదని హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి పోరాడారు. చివరకు 2025 అక్టోబరులో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు వాడకూడదని ఉత్తర్వు ఇచ్చింది. ఒక తెలుగు డాక్టరమ్మ గెలిచిన పోరాటం ఇది, మనం గర్వపడాలి. కాబట్టి మందుల అంగడిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం అని రాసి ఉన్న పొట్లమే అడగండి. పెద్ద పొట్లం ఒకటికి లీటరు నీళ్ళు. సగం నీళ్ళలో కలపకూడదు. బీపీ, కిడ్నీ జబ్బు ఉన్న పెద్దవాళ్ళు డాక్టరును అడిగే తాగాలి. నొప్పి మాత్రలు మాత్రం కానుక సంచిలో పెట్టకండి, అవి డాక్టరు చేతి పని.

వాన కోటు, మిగిలిన 250. సంచి మీద నుంచి కప్పుకునే పోంచో రకం. మన వైపు ఈశాన్య వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. చెమట పట్టిన ఒంటి మీద కొండ గాలి, వాన కలిస్తే ఎంత చలి వేస్తుందో ఎక్కినవాళ్ళకే తెలుసు.

కూడండి. 400, 50, 200, 100, 250. సరిగ్గా వెయ్యి. శాలువాకు ఎంతయిందో ఇదీ అంతే.

కర్ర ఈ లెక్కలో లేదు. అరవై దాటి ఇంకా నడిచే మన పెద్దవాళ్ళకు పొడవు సర్దుకునే నడక కర్ర ఒకటి విడిగా ఇవ్వాలని కోరుతున్నాను. 2023లో చిరుత ఘటన తర్వాత టీటీడీ నడిచే భక్తులకు చేతికర్రలు ఇచ్చినప్పుడు ఎంతమంది ఎగతాళి చేశారో గుర్తుందా? చిరుతను కర్ర ఆపుతుందా అనే వాదన మీరు చేసుకోండి. దిగేటప్పుడు మోకాలి బరువు కర్ర కొంత తీసుకుంటుంది, అది మాత్రం నిజం. వెళ్ళియంగిరిలో వెదురు కర్ర లేకుండా ఎక్కేవాణ్ణి చూపించండి.

ఇక మీరు అడగబోయేవి.

"వేదిక మీద విజిల్ ఇస్తే ఏం బాగుంటుంది?" సభకు అందం కావాలంటే మామిడాకులు కట్టండి, నాదస్వరం పెట్టండి. పిల్లలకిచ్చే డబ్బులో నుంచి సభకు అందం తీయకండి. అయినా నలభైమంది ఒకేసారి నిలబడి ఆరు తూర్లు విజిల్ ఊది నేర్చుకుంటే ఆ ఫోటో శాలువా ఫోటోకన్నా బాగుంటుంది.

"డబ్బే ఇచ్చేద్దాం, వాళ్ళే కొనుక్కుంటారు." ఈ మాటలో న్యాయం ఉంది, ఒప్పుకుంటాను. కానీ ఇరవై ఐదేళ్ళ వాడి చేతికి వెయ్యి ఇస్తే విజిల్ కొంటాడా? బిర్యానీ కొంటాడు. తప్పు కాదు, వయసు అలాంటిది. ఎవరూ తమంతట తాము కొనుక్కోని, కానీ ఉండి తీరాల్సిన వస్తువు ఇవ్వడమే పెద్దవాళ్ళు ఇచ్చే కానుకకు అర్థం. బూటు, బ్యాగు వాళ్ళు ఎలాగైనా కొంటారు. విజిల్ కొనరు.

"భక్తితో నడిచేవాళ్ళను దేవుడే చూసుకుంటాడు." నేనూ నడిచినవాణ్ణే, నాకూ నమ్మకం ఉంది. చిన్నపిల్లలను మధ్యాహ్నం రెండు గంటల తర్వాత నడకదారిలో పంపకూడదని 2023లో ఆపింది ఆ దేవుడి దేవస్థానమే. దేవుడి కొండ మీద జాగ్రత్త అక్కర్లేదని దేవస్థానమే అనుకోలేదు. మనం ఎవరం అనుకోవడానికి?

"ఇవన్నీ ఇస్తే పిల్లలు ఇంకా ధైర్యంగా అడవుల్లో పడతారు." ఇదే నేను ఆలోచించిన ప్రశ్న. నా జవాబు: వస్తువుతోపాటు ఒక మాట కూడా ఇవ్వాలి. అనుమతి లేని దారిలో పోకూడదు, ఎక్కడికి పోతున్నామో, ఎప్పటికి దిగుతామో ఇంట్లో రాసి పెట్టి పోవాలి. 2024 అక్టోబరు నుంచి మన రాష్ట్ర ప్రభుత్వమే ట్రెక్ తమిళనాడు అని నలభై దారులు తెరిచింది. ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవచ్చు, అడవి తెలిసిన స్థానిక యువకులే దారి చూపిస్తారు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు కలిసి తమ్ముడికో చెల్లికో అందులో ఒక దారికి రుసుము కట్టి ఇస్తే, అంతకన్నా మంచి పండగ కానుక నాకు తోచదు. దుమ్ము తుడిచే పని లేని కానుక. సంఘం డబ్బుతో కాకపోయినా ఇళ్ళలో చేయండి.

మన తెలుగువాళ్ళ కొండల చరిత్ర చిన్నది కాదు. నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమెకు పదమూడేళ్ళ పదకొండు నెలలు. ఆమెతోపాటు ఖమ్మం వైపు పిల్లవాడు ఆనంద్ కుమార్ కూడా ఎక్కాడు. ఇద్దరూ సంక్షేమ గురుకులాల పిల్లలు, పేద ఇళ్ళవాళ్ళు. వాళ్ళకు ముందు దొరికింది భువనగిరి బండ మీద శిక్షణ, ఆ తర్వాత చలిని తట్టుకునే సరంజామా. సన్మానాలు, శాలువాలు తిరిగి వచ్చాక వచ్చాయి. వరస అదీ. ఇంకొకరు నెల్లూరు జిల్లా మల్లి మస్తాన్ బాబు. 2006లో ఏడు ఖండాల్లోని ఏడు ఎత్తైన శిఖరాలు 172 రోజుల్లో ఎక్కినవాడు. 2015లో దక్షిణ అమెరికా ఆండీస్ కొండల్లో ఒంటరిగా పోయి చనిపోయాడు. అంత తెలిసినవాడిని కూడా కొండ వదల్లేదు. వారానికి ఆరు రోజులు కంప్యూటరు ముందు కూర్చొని ఏడో రోజు కొండెక్కే మన పిల్లలకు ఇంకెంత జాగ్రత్త కావాలి?

కాబట్టి కమిటీని నేను కోరేది మూడు. ఒకటి, ఆర్డరు ఇచ్చే ముందు నలభైమందికీ ఫోను చేసి ఏం ఉంది, ఏం లేదు, ఎక్కడ నడుస్తారు అని అడగండి. ఆ పని నేను చేస్తాను, నాకు తీరిక ఉంది, ఫోనులో డబ్బులూ ఉన్నాయి. రెండు, శాలువా, జ్ఞాపిక, ఫ్లాస్కు, జాకెట్టు వదిలేసి ఆ వెయ్యికి పైన చెప్పిన సంచి కట్టండి. సంఘం పేరు వేయాలంటే సంచి లోపల చిన్న చీటీ పెట్టండి. దాని మీద పేరు కన్నా పెద్ద అక్షరాల్లో ఇంటివాళ్ళ ఫోను నంబరు, రక్తం గ్రూపు రాసుకునే చోటు ఉండాలి. మూడు, సభలో పది నిమిషాలు ఇవ్వండి, విజిల్ పద్ధతి, ఓఆర్‌ఎస్ కలిపే పద్ధతి పిల్లలకూ తల్లిదండ్రులకూ కలిపి చూపిద్దాం.

వచ్చే ఆదివారం కమిటీ కూర్చుంటుంది. నా లెక్కలో తప్పు ఉందంటే అక్కడ చూపించండి, వేరే వస్తువు మంచిదంటే దాని ధర, బరువు రాసుకొని రండి. "ఏటా శాలువానే కదా ఇస్తున్నాం" అనే మాట ఒక్కటి మాత్రం తీసుకొని రాకండి.